చేయి లేచేదాకా

నోరు తెరవకముందే మనిషి చెప్పేసే సంగతులను చదవడం శాంతాదేవికి పుట్టింటి నుంచి వచ్చిన విద్య. ఆమె తండ్రి కృష్ణాతీరంలో పురాణం చెప్పి జీవించిన పండితుడు. శ్రోత చూపు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ జారిందో, ఉత్తరీయం ఏ ఘట్టంలో సర్దుకున్నాడో కనిపెట్టి కథను పెంచడమో కుదించడమో చేసేవారు. "నోటికి మనం ఏది నేర్పితే అది పలుకుతుందమ్మా. ఒంటికి ఎవరూ నేర్పరు, అది ఉన్నదే పలుకుతుంది" అని కూతురిని పక్కన కూర్చోబెట్టుకొని చెప్పేవారు. ఆ మాట ఆమెకు మంత్రోపదేశమంత పవిత్రం.

భర్త శ్రీనివాసరావు బొగ్గు కంపెనీ కార్యాలయంలో అధికారి. బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చిన నాటినుంచీ ఇంటికి ఎవరు వచ్చి వెళ్ళినా, తలుపు వేసీ వేయగానే "ఏమంటావు శాంతా?" అని అడగడం ఆయనకు అలవాటు. ఆమె అన్నది ఏనాడూ తప్పలేదు. అందుకే ఒక్కగానొక్క కూతురు భవిత, తాను పనిచేసే బ్యాంకుకు తరచూ వచ్చే రైల్వే ఉద్యోగి దిలీప్‌ను చేసుకుంటానన్నప్పుడు తండ్రి ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. భార్య వైపు చూశారు.

"పిల్లవాడు మంచివాడే. నాలుగుసార్లు చూశాను, లోపల ఒకటీ పైకొకటీ లేదు" అన్నది శాంతాదేవి. "కానీ పిల్లవాడితో కాదు కదా కాపురం, ఇంటితో. ఇల్లు చూస్తాను. నా మనసు ఒప్పుకుంటే అక్కడే తాంబూలం పుచ్చుకుంటాను. ఒప్పుకోకపోతే లేచి వచ్చేస్తాను."

"నువ్వు వద్దంటే నేనూ వద్దనే అంటానమ్మా" అన్నది భవిత. అని తల్లి ఒడిలో తల పెట్టుకుంది. ఆ తల బరువు శాంతాదేవికి ఆ రోజంతా తొడ మీదే ఉన్నట్టనిపించింది.

ఆషాఢం వస్తే శ్రావణం దాకా ఆగాలి గనుక, జ్యేష్ఠంలోనే ఒక మంచిరోజు చూసుకొని ముగ్గురూ మంగ్లాకు బయలుదేరారు. ఒకప్పుడు ఊరై, ఇప్పుడు నగరంలో కలిసిపోయిన ఆ పేటలో, పాత పెంకుటిళ్ళకూ కొత్త మేడలకూ నడుమ ఉంది దిలీప్ వాళ్ళ ఇల్లు. అతని తండ్రి త్రినాథరావు గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి, పదవీవిరమణ సొమ్ముతో కట్టించినది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

గుమ్మంలోనే కాళ్ళకు నీళ్ళిచ్చి, పసుపు పూసిన గడప మీదుగా లోపలికి తీసుకువెళ్ళింది దిలీప్ తల్లి అచ్చియమ్మ. పొట్టి మనిషి, నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి.

"ఏటమ్మా వదినగారూ, ఎండలో వచ్చీసారు! సాయంత్రం రావచ్చుగదా. కూకోండి, కూకోండి. ఒరే దిలీపూ, ఆ కూలరు ఇటు తిప్పరా."

ముందుగది విశాలంగా ఉంది. కుర్చీలు గోడ వెంట వేసి ఉన్నాయి. గది చివర, లోపలి నడవ మొదలయ్యే చోట, ఒక పాత పడక కుర్చీ ఉంది. దాని కట్టె చేతులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. గుడ్డ మాత్రం కొత్తది. కూలరు గాలి సరిగ్గా అక్కడికే వస్తున్నది కాబట్టి శ్రీనివాసరావు చొరవగా ఆ కుర్చీ వైపు నడిచారు.

ఎవరూ వద్దనలేదు. కానీ అచ్చియమ్మ నవ్వు సగంలో ఆగింది. పెద్దకొడుకు తిరుమలరావు, లోకో షెడ్డులో పని చేసే భారీ మనిషి, సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. దిలీప్ ఎక్కడినుంచి తెచ్చాడో మరో కుర్చీ తెచ్చి శ్రీనివాసరావు మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా వేశాడు. ఆయన తాను కూర్చోవాలనుకున్నది అందులోనే అన్నట్టు కూర్చుండిపోయారు. అందరి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి.

శాంతాదేవి అది చదివింది. చదివి, తప్పేముంది అనుకుంది. పెద్దాయన కుర్చీ, గౌరవం.

అయితే ఒక సంగతి ఆమెకు కుదరలేదు. త్రినాథరావు ఫోటో ఎదుటి గోడ మీద ఉంది, గంధపుదండ వేసి. తండ్రి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరి కళ్ళూ ఫోటో వైపు వెళ్ళడం లేదు. కుర్చీ వైపు వెళుతున్నాయి. అదీ వీపు ఆనే చోటికి కాదు, తల ఉండవలసిన చోటికీ కాదు. కుడిచేయి ఆనే కట్టె మీదికి.

"నాన్నగారికి చివర్లో మాట పోయిందండీ మావయ్యగారూ" అన్నాడు తిరుమలరావు, శ్రీనివాసరావు అడగగా. "గొంతుకు ఆపరేషన్ అయింది. అయినా ఆయనకేటి లోటు? డ్యూటీలో నోటితో పనేముంటాదండి? గార్డు పచ్చజెండా చూపితేనే బండి కదలాలి. డ్రైవరు తిరిగి చెయ్యెత్తి, చూశానని చెప్పాలి. రెండూ అయితేనే బండి. ఇంట్లోనూ అదే పెట్టీసారు. ఆ కుర్చీలో కూకొని చెయ్యెత్తితే అన్నం వడ్డించాలి, చెయ్యెత్తితే బయటికెళ్ళాలి. ఎత్తకపోతే ఎక్కడోళ్ళు అక్కడే."

"అచ్ఛా, అంటే ఇల్లంతా గూడ్సు బండే!" అని నవ్వారు శ్రీనివాసరావు.

"ఇప్పుడు గార్డు అనకూడదండి, ట్రైన్ మేనేజరట" అన్నాడు దిలీప్. అందరూ నవ్వారు. నవ్వి, నవ్వు ముగిసే ముందు, తల్లీ కొడుకులు ముగ్గురూ ఒకేసారి కుర్చీ చేతి మీదికి చూశారు, నవ్వవచ్చునా అని ఆలస్యంగా అడుగుతున్నట్టు.

కాఫీ వచ్చింది. తెచ్చినది తిరుమలరావు భార్య భానుప్రియ, రాయ్‌గఢ్‌లో రైల్వే కుటుంబంలోనే పుట్టి పెరిగిన పిల్ల. పళ్ళెం పట్టుకొని నడవలోంచి వస్తూ వస్తూ, పడక కుర్చీ దగ్గరికి రాగానే ఆ పిల్ల ఒక భుజం వెనక్కి తీసి, గోడకు వీపు ఆనించి, చీర కుచ్చిళ్ళు కొద్దిగా ఎత్తి నిలబడింది. ఎదుటివారికి దారి ఇచ్చేటప్పుడు ఆడవాళ్ళు నిలబడే తీరు అది. ఎదుట ఎవరూ లేరు. ఒక మనిషి దాటిపోయేంత సేపు ఆగి, ఆ పిల్ల మళ్ళీ నడిచి వచ్చింది. కప్పుల్లో కాఫీ మీద పలచని మీగడ కట్టింది.

శాంతాదేవి కప్పు అందుకుని, తాగకుండానే పక్కన పెట్టింది.

చేయి కడుక్కునే నెపంతో వంటింట్లోకి వెళ్ళింది ఆమె. భానుప్రియ కప్పులు తొలుస్తున్నది.

"కాపురానికి వచ్చి ఎన్నాళ్ళయిందమ్మా?"

"రెండో శ్రావణం వస్తోంది పిన్నిగారూ."

"అయితే మీ మామగారిని చూడలేదన్నమాట."

"ఫోటోలో చూడడమే. నేనొచ్చేసరికే ఆయన పోయి, క్యా పతా, ఏమో, అయిదారేళ్ళు."

"మరి ఇందాక నడవలో ఎవరికి తప్పుకున్నావు?"

భానుప్రియ కళ్ళు పెద్దవి చేసింది. అందులో దాపరికం లేదు. దాపరికం ఉంటే శాంతాదేవికి తెలిసిపోయేది, తెలిసిపోతే ఇంత భయం వేసేది కాదు. "నేనా? తప్పుకున్నానా? అరే, లేదే పిన్నిగారూ! పళ్ళెం బరువుకి ఆగానేమో" అని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు నవ్వుతూనే నీళ్ళ బిందె ఎత్తుకొని గుమ్మం దాటబోయి, గుమ్మంలో ఆగి, పక్కకు ఒదిగి, కళ్ళు దించి, ఒక ఊపిరి సేపు నిలబడి, తర్వాత వెళ్ళింది. నవ్వు మాత్రం ఆగలేదు.

అచ్చియమ్మ పూజగదిలో తమలపాకులు తుడుస్తున్నది. శాంతాదేవి ఆమె పక్కన కూర్చుంది. అడగవలసినది నేరుగా అడగడం ఆచారవంతులకు తప్పు కాదు.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. అన్నయ్యగారి కర్మలన్నీ సక్రమంగా జరిగాయా?"

"ఏటమ్మా అలాగడుగుతారు? మాసికాలు, సంవత్సరీకం, ఏ లోటూ చెయ్యలేదు పిల్లలు. గయ కూడా వెళ్ళొచ్చాం. పిండం పెట్టిన చోట కాకి వెంటనే ముట్టింది. ఆయనకేటీ మిగల్లేదు." ఆ తల్లి కళ్ళల్లో నీరు తిరిగింది. "హాయిగా ఎల్లిపోనారు."

శాంతాదేవి నమ్మింది. ఆ ఇంట ప్రేతం లేదు. పూజగదిలో కూర్చుంటే మనసు కుదుటపడుతున్నది, దీపం నిశ్చలంగా వెలుగుతున్నది. గయలో విడిచిపెట్టినది ఆత్మను. ఆయన ఆజ్ఞను ఎవరూ ఏ నదిలోనూ కలపలేదు. అది వీళ్ళ మెడల్లో, భుజాల్లో, కనుకొలకుల్లో కాపురం ఉండిపోయింది. శ్రాద్ధం దేనికి పెట్టాలో వీళ్ళకు తెలియదు, ఎందుకంటే ఒకటి మిగిలి ఉన్నదన్న సంగతే వీళ్ళకు తెలియదు. కొత్తగా వచ్చిన కోడలికి ఎవరూ నేర్పలేదు. ఆ పిల్ల చూసింది, ఒళ్ళు నేర్చుకుంది, మనసుకు కబురు అందలేదు.

ఇక ఆలోచించవలసినదేమీ లేకపోయింది. ఆమె పెరట్లోకి వెళ్ళి, జామచెట్టు కింద దిలీప్‌తో మాట్లాడుతున్న భవితను కళ్ళతోనే పిలిచింది. దిలీప్ మర్యాదగా లోపలికి వెళ్ళిపోయాడు.

"ఈ సంబంధం వద్దే తల్లీ."

భవిత ముఖం పాలిపోయింది. "ఏమన్నారమ్మా వాళ్ళు?"

"ఏమీ అనలేదు. బంగారంలాంటి మనుషులు."

"మరి?"

"వాళ్ళు ఒకరి ముందు నిలబడి ఉన్నారు. ఆ ఒకరు లేరు. నిన్ను కూడా నిలబెడతారు. తెలిసి కాదు."

"అమ్మా, నువ్వు నాన్న ఆఫీసు వాళ్ళను చదివినట్టు వీళ్ళను చదువుతున్నావు. పాతకాలపు ఇల్లు, కాస్త భక్తి ఎక్కువ. అంతేగా?" భవిత కళ్ళు తుడుచుకొని బలవంతంగా నవ్వింది. "సరే. మాట ఇచ్చాను. నువ్వు వద్దంటే వద్దు. కానీ వాళ్ళ ముందు నువ్వే చెప్పు. నా నోట రాదు."

"నేనే చెబుతాను."

కూతురు ముందు నడిచింది. పెరటి గుమ్మం దాటి నడవలోకి వెళ్ళింది. వెనుక వస్తున్న శాంతాదేవి చూస్తుండగానే, ఆ ఇంటికి మొదటిసారి, ఒక్క పూట కోసం వచ్చిన ఆమె బిడ్డ, పడక కుర్చీ దగ్గరికి రాగానే ఒక భుజం వెనక్కి తీసి, దుపట్టా కొస పట్టుకొని, గోడకు ఒదిగి నిలబడింది. ఎవరో దాటిపోయేదాకా నిలబడి, నడిచి వెళ్ళి, తండ్రి పక్కన కూర్చుంది.

"ఇప్పుడెందుకు ఆగావే?" అన్నది శాంతాదేవి.

"ఎక్కడ?" అన్నది భవిత.

వర్జ్యం దాటింది. చాప పరిచారు. అచ్చియమ్మ వెండిపళ్ళెంలో తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ, పసుపు కుంకుమలు, చీర పెట్టుకొని వచ్చింది. రెండు చేతులా పళ్ళెం ఎత్తి పట్టుకొని శాంతాదేవికి ఎదురుగా నిలబడి, అలాగే ఆగిపోయింది.

తిరుమలరావు చూపు, దిలీప్ చూపు, గుమ్మం దగ్గర నిలబడ్డ భానుప్రియ చూపు, పళ్ళెం పట్టుకున్న తల్లి చూపు, నాలుగూ కుర్చీ కుడిచేతి మీద నిలిచాయి. ఎవరూ తొందరపడలేదు. సిగ్నలు దగ్గర ఆగిన బండిలో ఉన్నవాళ్ళ ఓపిక అది. దూరంగా ఎక్కడో లైను మీద బొగ్గు బండి ఒకటి చాలాసేపు వెళ్ళింది. అది వెళ్ళిపోయినా ఎవరూ కదలలేదు. శ్రీనివాసరావు కూడా ఏమీ అర్థం కాకుండానే అటే చూస్తున్నారు. భవిత కూడా.

శాంతాదేవి లేచి నిలబడింది. "వదినగారూ, క్షమించాలి. ఈ తాంబూలం..." అన్నది.

ఎవరూ తల తిప్పలేదు. ఆమె కంఠం స్పష్టంగానే ఉంది, వినబడే ఉంటుంది. కానీ ఆ గదిలో మాటకు చోటు లేదు. సంత రొదలో ఎవరో ఎవరినో పిలిస్తే మనం ఎలా పట్టించుకోమో, అలా ఆమె మాట వాళ్ళ చెవులను తాకి పక్కకు పోయింది. మళ్ళీ అన్నది, గట్టిగా: "ఈ సంబంధం మాకు వద్దు." భవిత అయినా తలెత్తుతుందనుకుంది. భవిత కళ్ళు కట్టె మీదనుంచి కదలలేదు.

అప్పుడు ఆమెకు తోచింది. వీళ్ళు ఒక్కచోటి నుంచే వింటారు. వద్దన్నమాట అక్కడినుంచే చెప్పాలి. చేయి ఎత్తకపోతే ఎక్కడివాళ్ళు అక్కడే అన్నాడు కదా పెద్దకొడుకు! కూర్చుని, చేయి కట్టె మీదే ఉంచితే చాలు. బండి కదలదు. బిడ్డ బయటపడుతుంది.

ఇష్టదైవాన్ని తలుచుకొని, నాలుగడుగులు వేసి, శాంతాదేవి ఆ పడక కుర్చీలో కూర్చుంది.

ఎవరైనా అరుస్తారనుకుంది. అచ్చియమ్మ ముఖంలో కోపమూ రాలేదు, భయమూ రాలేదు. ఎన్నో ఏళ్ళుగా బిగబట్టిన ఊపిరి విడిచినట్టు ఆ ముసలి ముఖం విచ్చుకుంది. తిరుమలరావు భారీ భుజాలు చిన్నపిల్లవాడి భుజాల్లా వదులయ్యాయి. భానుప్రియ చేతులు కట్టుకుంది. వాళ్ళ చూపులన్నీ ఇప్పుడు ఆమె కుడిచేతి మీద ఉన్నాయి, బరువుగా, నమ్మకంగా, ప్రేమగా. ఇన్నాళ్ళూ ఖాళీ కట్టె మోసిన చూపు అది.

ఆమె వేళ్ళను కట్టె మీద అదిమింది. ఆ నునుపు చల్లగా వేళ్ళకు సరిగ్గా అమరింది.

భవిత వైపు చూసింది. ఒక్కసారి నా ముఖం చూడవే, నీ తల్లి ముఖం చూడు, ఏమంటున్నదో నీకు తెలుస్తుంది అని లోలోపల వేడుకుంది. పుట్టిన నాటినుంచీ ఆ పిల్ల తల్లి ముఖం చూసే నవ్వింది, ఏడ్చింది, అన్నం తిన్నది. ఇప్పుడు ఆ కళ్ళు తల్లి మణికట్టు దగ్గర ఆగిపోయాయి. వాటిలో ఒకటే కోరిక ఉంది. దాన్ని శాంతాదేవి చదవగలదు. చదవకుండా ఉండలేదు. జీవితమంతా ఎదుటివాళ్ళ ఒంటి మాట విని, అడగకముందే మంచినీళ్ళు అందించిన మనిషి ఆమె. అడగకముందే ఇవ్వడం తప్ప ఆమె ఒంటికి మరొకటి తెలియదు. గదిలో ఆరుగురు ఒకే సంగతిని కళ్ళతో అడుగుతున్నారు.

ఆమె చేయి లేచింది.

లేవకూడదని ఆమె అనుకుంటూనే ఉంది. మోచేయి కట్టె మీద ఆని, అరచేయి తెరుచుకొని, గార్డు జెండా పట్టినంత నిటారుగా లేచి నిలిచింది. ఎదురుగా అచ్చియమ్మ పళ్ళెం కింద రెండు వేళ్ళు పైకెత్తి, చూశానని బదులు చెప్పింది. తిరుమలరావు తొడ పక్కన రెండు వేళ్ళు. దిలీప్ రెండు వేళ్ళు. భానుప్రియ. తర్వాత, కొంచెం తడబడి, భవిత.

"తీసుకోండి అన్నయ్యగారూ" అని అచ్చియమ్మ తాంబూలం శ్రీనివాసరావు చేతుల్లో పెట్టింది. ఒక్కసారిగా గది నిండా మాటలు లేచాయి. భానుప్రియ స్వీటు పంచింది. ఎవరో భవిత బుగ్గ పుణికారు.

తిరుగుదారిలో కారు నడుపుతూ శ్రీనివాసరావు సంబరపడిపోయారు. "ఆ కుర్చీలో కూర్చుని ఎంత హుందాగా ఒప్పుకున్నావు శాంతా! నాకేమో నువ్వు వద్దంటావేమోనని బెంగ. ఏమంటావు, మంచి కుటుంబమే కదూ?"

ఆమె నోరు తెరిచింది. మాట ఎక్కడో వెనుక చిక్కుకుంది. తెరిచిన నోరు మూసేసింది. ఆయన జవాబు కోసం ఎదురుచూడలేదు. అద్దంలోంచి ఆమె ఒడిలోని చేతిని ఒకసారి చూసి, తలాడించి, నిమ్మళంగా కారు పోనిచ్చారు.

సంధ్యాదీపం వేళకు ఇల్లు చేరారు. శ్రీనివాసరావు తాళం తీశారు. తలుపు తెరిచారు. తెరిచి, లోపలికి వెళ్ళకుండా పక్కకు జరిగి, గోడకు ఆని నిలబడ్డారు. భవిత కూడా తాంబూలం పళ్ళెం గుండెకు హత్తుకొని ఆయన పక్కనే ఒదిగి నిలబడింది. ఇద్దరి ముఖాల్లోనూ అలసట ఉంది, ఆకలి ఉంది, ఇంట్లోకి పోవాలన్న ఆత్రం ఉంది. ఇద్దరూ ఆమె కుడిచేతి వైపు చూస్తున్నారు.

శాంతాదేవి ఎడమచేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుంది. తెరిచిన తలుపు అవతల ఇల్లు చీకటిపడుతున్నది. దేవుడి దగ్గర దీపం పెట్టేవారు లేరు. ముగ్గురూ గుమ్మం బయటే నిలబడ్డారు. ఆమె వేళ్ళ కింద ఆ చేయి మెల్లమెల్లగా, ఎంతో మర్యాదగా, పైకి తోసుకువస్తూనే ఉంది.